బాణం గీత మీద ఒక మాట: పాఠ్యపుస్తకాలు, ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. 22 ఏళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెబుతున్నాను. మీలో చాలామంది ఒకప్పుడు సుద్దముక్క పట్టినవాళ్లే కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయానికొస్తాను. పాఠాన్ని బొమ్మగా, గీతలుగా, గళ్లుగా పరిచి చూపించే పద్ధతి గురించి ఈ ఉత్తరం. శిక్షణల్లో దాన్ని గ్రాఫిక్ ఆర్గనైజర్ అంటారు. స్టాఫ్ రూములో మేం మాత్రం అన్నిటినీ కలిపి మైండ్ మ్యాప్ అనేస్తాం. ఆ పద్ధతి మీద నాకు చాలా నమ్మకం ఉంది. మన పుస్తకాల్లో, పరీక్షల్లో, తనిఖీల్లో దానికి పట్టిన గతి చూస్తే మాత్రం బాధేస్తుంది.

ముందు ఒక మబ్బు కథ చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా సైన్సు సారు ఎన్నికల డ్యూటీకి వెళ్తే ఏడో తరగతిలో ఆ పీరియడు నాకు పడింది. నీటి చక్రం పాఠం అప్పటికే అయిపోయింది, యూనిట్ టెస్టు కూడా పెట్టేశారు. నాకు సైన్సు చెప్పే ధైర్యం లేక, పుస్తకాలు మూసి గుర్తున్న మాటలన్నీ కాగితం మీద రాయమన్నాను. ఏ మాటకీ ఏ మాటకీ సంబంధం ఉందో బాణం గీయాలి. బాణం మీద ఆ సంబంధం ఏమిటో ఒక్క మాటలో రాయాలి. ఇంతే.

ఒక అమ్మాయి కాగితంలో సముద్రం నుంచి మబ్బుకి బాణం ఉంది. దాని మీద 'తాగుతుంది' అని రాసింది. ఏమ్మా ఇదేంటి అన్నాను. "మబ్బు కిందికి వంగి సముద్రంలో నీళ్లు తాగుతుంది టీచర్, మా నానమ్మ చెప్పింది" అంది. ఆ పిల్ల నోట్సు తీసి చూశాను. బాష్పీభవనం నిర్వచనం తప్పు లేకుండా ఉంది. యూనిట్ టెస్టులో ఆ ప్రశ్నకి పూర్తి మార్కులు కూడా వచ్చాయి. నానమ్మ మాట, పుస్తకం మాట ఆ బుర్రలో పక్కపక్క వాటాల్లో కాపురం ఉంటున్నాయి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. బాణం మీద మాట రాయమనకపోతే ఆ సంగతి నాకూ తెలిసేది కాదు, సైన్సు సారుకీ తెలిసేది కాదు.

వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "తాగితే వాన ఉప్పగా ఉండాలి కదా టీచర్" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు, ఆలోచనలో పడింది. మర్నాడు వంటగది నుంచి పళ్లెం తెచ్చి, ఉప్పునీళ్లు పోసి ఎండలో పెట్టాం. సాయంత్రానికి అడుగున తెల్లటి పొర మిగిలింది. ఆ అమ్మాయి తన కాగితం అడిగి తీసుకుని 'తాగుతుంది' కొట్టేసి 'ఆవిరై పోతుంది, ఉప్పు ఇక్కడే ఉంటుంది' అని రాసింది. బాణం మీద పట్టక పక్కకి వంకరగా రాసింది.

తర్వాత చదివి తెలుసుకున్నాను, ఈ పద్ధతి పుట్టిందే ఇలా అని. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ నోవాక్ బృందం చిన్నపిల్లలకి సైన్సు ఎలా అర్థమవుతుందో తెలుసుకోవడానికి ఏళ్ల తరబడి వాళ్లతో మాట్లాడింది. ఆ మాటలన్నీ రాతలో పెడితే కట్టలు కట్టలయ్యాయి. పిల్ల బుర్రలో ఏముందో ఒక్క చూపులో కనపడాలంటే ఏం చేయాలని వెతుక్కుంటూ 1972 ప్రాంతంలో కాన్సెప్ట్ మ్యాప్ అనే రూపం కట్టారు. పాఠం చెప్పడానికి కాదు, పిల్లని వినడానికి పుట్టిన పరికరం అది. కొత్త విషయం పిల్లకి ముందే తెలిసినదానికి అతుక్కుంటేనే నిలుస్తుందన్న డేవిడ్ ఆసుబెల్ ఆలోచన దాని వెనక ఉంది. అందుకే నోవాక్ పద్ధతిలో మాటల మధ్య గీత కన్నా గీత మీద రాసే మాట ముఖ్యం.

మన దగ్గర ఆ మాటే పోయింది. ఉమ్మడి రాష్ట్రంలో సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం), కొత్త పుస్తకాలు వచ్చిన రోజులు గుర్తున్నాయా? పాఠ్యప్రణాళికలో పలకరింపు పక్కనే మైండ్ మ్యాపింగ్ అని ఒక మెట్టు వచ్చి చేరింది. మంచి ఉద్దేశంతోనే పెట్టారు. అమలులో ఏమైందంటే, బోర్డు మధ్యలో పాఠం పేరు రాసి సున్నా చుట్టడం, చుట్టూ గీతలు గీయడం, పిల్లలు అరిచిన మాటలు వాటి చివర రాయడం, తుడిచేయడం. ఐదు నిమిషాల్లో మెట్టు ఎక్కేసినట్టు. మా స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో నేను దీన్ని సూర్యుడి బొమ్మ అంటాను. నడుమ సున్నా, చుట్టూ కిరణాలు. ఒక కిరణానికీ ఇంకో కిరణానికీ సంబంధం ఉండదు. మామూలు జాబితాకి గుండ్రటి చొక్కా తొడిగితే అది మ్యాప్ అయిపోదు.

గోదావరినే తీసుకోండి. సూర్యుడి బొమ్మలో గోదావరి నడుమ ఉంటుంది, ఉపనదులు కిరణాలు. పిల్లలు బట్టీ పట్టేస్తారు. అదే పిల్లలతో నేల మీద సుద్దతో నది గీయించండి. కందకుర్తి దగ్గర కుడి గట్టున మంజీర, కిందికొస్తే మానేరు, కాళేశ్వరం దగ్గర ఎడమ నుంచి ప్రాణహిత, ఆ తర్వాత ఇంద్రావతి, భద్రాచలం దాటాక కిన్నెరసాని, కూనవరం దగ్గర శబరి. ప్రాణహితకి మళ్లీ దాని పిల్లకొమ్మలు: పెన్‌గంగ, వార్ధా, వైన్‌గంగ. గీయడం అయ్యాక ఒక ప్రశ్న అడగండి: మహారాష్ట్రలోని విదర్భలో వానలు దంచితే భద్రాచలంలో ఎందుకు కంగారు? పిల్ల వేలు నేల మీద పైనుంచి కిందికి తానే జరుపుకుంటూ వస్తుంది. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని టీవీలో విన్న మాటలు అప్పుడు ఆ గీత మీద ఒక చోట కుదురుకుంటాయి. పేర్లు అవే, గీతలూ దాదాపు అన్నే. విషయానికి ఉన్న ఆకారం బొమ్మకి వచ్చిందా లేదా అన్నదే తేడా.

ఇక నా సబ్జెక్టు. ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను, అలవాటు.

పిల్లలకి తెలుగులో టెన్షన్ అంటే వ్యాకరణం, అందులోనూ సంధులు. సరళాదేశ సంధి, గసడదవాదేశ సంధి, జశ్త్వం, అనునాసికం అని నాలుగు పేర్లు, నాలుగు సూత్రాలు, పుస్తకంలో నాలుగు వేర్వేరు చోట్ల. గైడులో చూసి అప్పజెబుతారు, నెలలో మరిచిపోతారు. నేనూ మొదటి పదేళ్లు అలాగే చెప్పాను. చెంప మీద కొట్టినట్టు ఒకరోజు తోచింది: మన హల్లులే ఒక గళ్ల పట్టిక కదా!

క ఖ గ ఘ ఙ
చ ఛ జ ఝ ఞ
ట ఠ డ ఢ ణ
త థ ద ధ న
ప ఫ బ భ మ

పై వరస గొంతులో పుడుతుంది, కింది వరస పెదవుల మీద. నడుమ వరసలు నోట్లో వెనక నుంచి ముందుకి జరుగుతూ వస్తాయి. నిలువుగా చూస్తే మొదటి నిలువు పరుషాలు, మూడోది సరళాలు, ఐదోది ముక్కుతో పలికేవి. మనవాళ్లు ఎన్ని వందల ఏళ్ల కిందటో కూర్చిన ఈ పట్టికని మించిన గ్రాఫిక్ ఆర్గనైజర్ నేనైతే చూడలేదు. మన ఒకటో తరగతి గోడల మీద అదే పట్టిక కలం, ఖడ్గం, గడప బొమ్మలతో నిండిపోయి, చోటు చాలక వరసకి నాలుగో ఆరో అక్షరాలుగా విరిగి వేలాడుతుంటుంది. అడ్డం పోయింది, నిలువూ పోయింది.

తొమ్మిదో తరగతిలో ఆ పట్టిక నేల మీద గీయించాను, తొక్కుడుబిళ్ల ఆటకి గీసినట్టు పెద్ద గళ్లతో. జగత్ + ఈశుడు. ఒక పిల్ల 'త' గడిలో నిలబడింది. జగదీశుడు కావాలంటే ఎక్కడికి గెంతాలి? 'ద'కి. అంటే అదే వరసలో మూడో గడి. వాక్ + ఈశుడు అంటే 'క' నుంచి 'గ', మళ్లీ మూడో గడే. అది జశ్త్వం. జగత్ + నాథుడు? జగన్నాథుడు కాబట్టి 'త' నుంచి 'న'కి, ఐదో గడికి. వాఙ్మయం? ఐదో గడే. అది అనునాసికం. ద్రుతం, అంటే పదం చివరి 'న'కారం మీద పరుషం వస్తే మళ్లీ ఒకటి నుంచి మూడు, అది సరళాదేశం. మూడు సంధులూ గెంతులే. ఏ వరసలో ఉన్నవాళ్లు ఆ వరసలోనే గెంతాలి, అంతే ఆట.

అసలు మజా గసడదవాదేశం దగ్గర వచ్చింది. కూర + కాయ, కూరగాయలు: మూడో గడి. తల్లి + తండ్రి, తల్లిదండ్రులు: మూడో గడి. టక్కు + టెక్కు, టక్కుడెక్కులు: మూడో గడి. కాలు + చేయి అన్నాను. 'చ' గడిలో ఉన్న పిల్లాడు 'జ' మీదకి గెంతబోయి ఆగాడు. కాలుజేతులా? కాదు, కాలుసేతులు. 'స' ఏది? పట్టికలోనే లేదు! వాడు గీత దాటి బయటికి గెంతాడు. ఊరు + పల్లె, ఊరువల్లెలు. 'ప' గడిలో అమ్మాయి కూడా బయటికే. ఆ ఇద్దరూ పట్టిక బయట నిలబడి నవ్వుతున్నారు. "ముగ్గురు ఇంట్లో, ఇద్దరు వీధిలో" అని క్లాసే పేరు పెట్టేసింది. ఆ సంవత్సరం గసడదవలు మరిచిపోయిన పిల్ల నా క్లాసులో లేదు.

ఇలాంటి పట్టిక ఒక్కటి, మొదటి, మూడో, ఐదో నిలువులకి రంగులద్ది, సంధుల పాఠం ముందు అచ్చువేస్తే మీకు అయ్యే ఖర్చు అర పేజీ.

ఇప్పుడు కొంచెం చేదు మాట. ఈ బొమ్మల పద్ధతిని మీ శిక్షణ పుస్తకాలు 'విజువల్ లెర్నర్స్' కోసం అని పరిచయం చేస్తాయి. పిల్లల్లో కొందరు చూసి నేర్చుకుంటారట, కొందరు విని, కొందరు చేసి. ఒక శిక్షణ తర్వాత ఫారాలిచ్చి మా పిల్లలందరినీ ఆ మూడు గంపల్లోకి ఏరమన్నారు. ఏరాను. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు పక్కాగా 'విని నేర్చుకునేవాడు'గా తేలాడు. బోర్డు మీద బొమ్మ గీస్తే పట్టించుకోడు, చెబితే మాత్రం వింటాడు. రెండు నెలల తర్వాత బడికి కంటి పరీక్ష చేసేవాళ్లు వచ్చారు. వాడికి మైనస్ మూడు పవరు. కళ్లజోడు పెట్టిన వారానికి వాడు చూసి నేర్చుకునేవాడైపోయాడు! నవ్వుకోవచ్చు గానీ, ఆ రెండు నెలలూ వాడిని ముందు బెంచీకి మార్చాలన్న ఆలోచన నాకు రాకుండా ఆ ఫారమే అడ్డుపడింది.

2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలు తిరగేశారు. చూసి నేర్చే పిల్లలకి చూపించే పద్ధతిలో, వినే పిల్లలకి వినిపించే పద్ధతిలో చెబితే ఎక్కువ వస్తుందని నిరూపించే గట్టి ఆధారం వాళ్లకి దొరకలేదు. పిల్లలకి ఇష్టాలు ఉండవని కాదు. ఆ ఇష్టాన్ని బట్టి పిల్లల్ని విడగొట్టి చెప్పడం వల్ల లాభం తేలలేదని. బొమ్మ ఉపయోగపడేది అందరికీ. మాట, బొమ్మ రెండూ కలిస్తే గుర్తుకి రెండు దారులు ఏర్పడతాయని అలన్ పైవియో 1971లోనే చెప్పారు. కాబట్టి దయచేసి ఆ గంపలు తీసేయండి. చూపు లేని పిల్లకి కూడా ఈ పద్ధతి పనికొస్తుంది. మా బడిలో ఒక అమ్మాయికి అట్టముక్క మీద చింతగింజలు, పురికొస అతికించి కథలోని పాత్రల సంబంధాలు చేయించాం. వేళ్లతో తడుముతూ కథ మొత్తం చెప్పింది. ఆ అమ్మాయిని మీ ఫారంలో ఏ గంపలో వేస్తారు?

తయారుచేసిన చార్టులదీ అదే కథ. తనిఖీకి వస్తున్నారంటే చాలు, స్టేషనరీ షాపు నుంచి రంగు చార్టులు వస్తాయి, తీగ మీదకి ఎక్కుతాయి. టీఎల్‌ఎం (బోధన సామగ్రి) బాగుంది అని రిజిస్టర్లో రాస్తారు. ఇప్పుడు కొన్ని బడుల్లో పెద్ద టచ్ స్క్రీన్లు కూడా వచ్చాయి, అందులో ముందే గీసిన మైండ్ మ్యాపులు రంగురంగుల్లో విచ్చుకుంటాయి. పిల్లలు సినిమా చూసినట్టు చూస్తారు. మీ పుస్తకాల్లో కూడా పాఠం చివర కొన్నిచోట్ల పూర్తిగా నింపేసిన పట్టికలు ఉంటాయి. పిల్ల చేయాల్సిన పని పుస్తకమే చేసేస్తే ఇక పిల్ల చేసేది కాపీ రాయడమే. వంటంతా మనమే చేసి తినిపించి, నీకు వంట వచ్చేసిందంటే ఎలా?

పుస్తకం తెరిచి పెట్టుకుని మ్యాపు గీయడం కూడా సగం కాపీయే. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ కార్పికీ, జానెల్ బ్లంట్ 2011లో సరిగ్గా దీన్నే పరీక్షించారు. పాఠం ఎదురుగా పెట్టుకుని కాన్సెప్ట్ మ్యాపు గీసిన విద్యార్థుల కన్నా, చదివి మూసేసి గుర్తున్నది రాసుకున్నవాళ్లకి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. నాకు ఇది మొదట మింగుడుపడలేదు, ఎందుకంటే నాకు మ్యాపులంటే పిచ్చి. కానీ 2014లో వాళ్లే పుస్తకం మూయించి మ్యాపు గీయిస్తే అది కూడా గుర్తు తెచ్చుకుని రాసినంత బాగానే పనిచేసింది. ఆ మబ్బు పీరియడులో నాకు సైన్సు రాక మూయించిన పుస్తకం ఎంత మేలు చేసిందో అప్పుడు అర్థమైంది. మీ పుస్తకాల్లో 'కింది పట్టికను పూరించండి' అన్నచోట 'పుస్తకం మూసి' అని రెండు మాటలు ముందు చేర్చండి. సిరా ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ఇంకొక పని ఈ పద్ధతికి ఇప్పుడే కొత్తగా వచ్చి పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి, తెలంగాణలో 2022–23 నుంచి ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఒక భాషగా పుస్తకాలు వస్తున్నాయి. ఇంగ్లిష్ మీడియం మంచిదా చెడ్డదా అన్న గొడవ ఇక్కడ వద్దు. నేను చూస్తున్నది ఒకటే: పిల్లలు ఒక పేజీ వదిలేస్తున్నారు. పరీక్ష ఏ భాషలో రాస్తారో ఆ పేజీయే తిరగేస్తున్నారు, రెండోది అచ్చయినట్టే ఉండిపోతోంది. కానీ మ్యాపులో మాటలు తక్కువ. ఒక్కో సున్నాలో పైన ఫోటోసింథసిస్, కింద కిరణజన్య సంయోగక్రియ రాసి, బాణం మీద మాత్రం తనకి తోచిన భాషలో, ఇంట్లో మాట్లాడే మాటతోనే రాయమంటే పిల్ల రెండు పేజీలనీ తిరగేస్తుంది. 'ఆకు ఎండతో అన్నం వండుకుంటది' అని ఒకడు రాశాడు. ఆ వాక్యం తప్పు అనగలరా?

పరీక్షల దగ్గరకొచ్చేసరికి ఇదంతా నీరుగారిపోతుంది. మా పదో తరగతి పిల్లాడు ఒక ప్రీఫైనల్‌లో పాత్రల పోలికని రెండు వలయాల వెన్ చిత్రంగా గీశాడు. లెక్కల్లో సమితుల పాఠంలో నేర్చుకున్నదే. కలిసిన చోట ఉమ్మడి గుణాలు మూడు, పక్కల చెరో నాలుగు, కింద రెండు వాక్యాలు. పేపర్లు వేరే బడిలో దిద్దారు. ఎనిమిదికి రెండు మార్కులొచ్చాయి, పక్కన 'వ్యాసరూపంలో లేదు' అని ఎర్ర సిరా. దిద్దినవారిని నేను తప్పుపట్టను, వారికిచ్చిన జవాబుల నమూనా అలా ఉంది. పిల్లాడు మాత్రం ఆ తర్వాత వెన్ చిత్రం గీయలేదు. పేజీన్నర నింపడం నేర్చుకున్నాడు. నింపితే ఎనిమిదికి ఆరు వచ్చాయి.

సైన్సులో బొమ్మలు గీయడం, నమూనాలు తయారుచేయడం అని ఒక విద్యా ప్రమాణమే ఉంది. కానీ అక్కడ అడిగేది పుస్తకంలోని గుండె బొమ్మ, కంటి బొమ్మ. ఆలోచనని బొమ్మగా గీయమని ఎవరూ అడగరు. ప్రతి సబ్జెక్టు పేపర్లో ఒక్క ప్రశ్న, నాలుగు మార్కులదైనా సరే, 'గీసి చూపండి, గీతల మీద మాటలు రాయండి' అని ఇవ్వండి. మార్కులు సున్నాల అందానికి కాదు, గీత మీది మాటకి ఇవ్వమని దిద్దేవారికిచ్చే కాగితంలో రాయండి. పేపర్లో వచ్చేదే క్లాసులోకి వస్తుందని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక్క భయం కూడా ఉంది. ఇది రాస్తున్నందుకే రేపు 'మ్యాపుల రిజిస్టర్' అని కొత్తది పుడుతుందేమో, ప్రతి పాఠానికి మూడు మ్యాపులు, ప్రతి శనివారం ఫోటో అప్‌లోడ్ అని ఉత్తర్వు వస్తుందేమో అని. అలా అయితే ఈ ఉత్తరం చింపేయండి. అన్ని పాఠాలకీ బొమ్మ అక్కర్లేదు కూడా. పద్యాన్ని మాత్రం గళ్లలో పెట్టమనకండి. పద్యం ముందు చెవిలో పడాలి, నోట్లో ఆడాలి, ఆ తర్వాతే ఏదైనా. ఒక పోతన పద్యానికి ఎవరో గీసిన ఫ్లో చార్టు చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

నీటి చక్రం కాగితం మీద 'తాగుతుంది' కొట్టేసిన ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ కాగితం ఇంకా నా బీరువాలోనే ఉంది. కొత్త పుస్తకాలకి మీరు కమిటీగా కూర్చున్నప్పుడు కబురు పెట్టండి, జెరాక్స్ పట్టుకొస్తాను. అసలుది మాత్రం ఇవ్వను.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల తెలుగు టీచరు